మాంసకృత్తుల పానీయములు: డబ్బా వెనుకనున్న లెక్క

గత సంవత్సరము మన పాఠశాలలో పదవ తరగతి విద్యార్థి యొకడు కబడ్డీ జట్టులో చేరి, దేహపుష్టికై పానీయపు పొడి డబ్బా నొకదానిని తండ్రిచేత కొనిపించుకొనెను. తండ్రి దినకూలి. నెల తిరుగకమునుపే పొడి అయిపోయెను. రెండవ డబ్బా కొనుటకై ఇంటిలో పాలు మానివేసిరి. పొడిని నీళ్లలో కలుపుకొని త్రాగుచున్నానని అతడు చెప్పగా, ఆ డబ్బాను తరగతికి తెప్పించి, దాని వెనుకనున్న పట్టికను అతనిచేతనే చదివించితిని. అందువలన మేము తెలిసికొన్న సంగతులను మీకును తెలుపుచున్నాను.

డబ్బాపై ప్రోటీన్ అని యుండునదియే మన మాంసకృత్తు. మన హోసూరు ప్రాంతమున తమిళులు దానిని పురదమందురు. కన్నడిగులు ససారజనక మందురు. పేర్లు వేరైనను వస్తు వొక్కటియే. కండలు దీనితోనే ఏర్పడును. అయితే మాంసకృత్తు ఇటుకవంటిది, వ్యాయామము మేస్త్రివంటిది. ఇటుకలు కుప్పపోసినంతమాత్రమున గోడ లేవదు. అక్కరకు మించిన మాంసకృత్తును శరీరము కండగా మార్చుకొనజాలదు.

మరి మన కెంత కావలెను? భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము 13 మొదలు 15 ఏండ్ల బాలునకు దినమునకు సుమారు 45 గ్రాములు, బాలికకు 43 గ్రాములు చాలును. 1918లో కూనూరున పుట్టి, పిదప హైదరాబాదునకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ, కండలు పెంచుటకై ఇట్టి పొడులను వాడవలదని 2024లో హెచ్చరించినది.

ఇక పట్టికను చదువు విధము. మొదట, అంకె 100 గ్రాముల పొడికా, ఒక్క పర్యాయము త్రాగు మోతాదునకా యని చూడవలెను. రెండవది, అది పాలతో కలిపి చెప్పినదా యని చూడవలెను. ఆ బాలుని డబ్బాలో 30 గ్రాముల మోతాదునకు పొడిలోనున్న మాంసకృత్తు 3 గ్రాములే! పెద్ద అక్షరములతో ముద్రించిన అంకెలో అధికభాగము దానితో కలుపవలసిన పాలది. 200 మిల్లీలీటర్ల పాలలో 6 గ్రాములకు పైగా మాంసకృత్తు ఉండును. మూడవది, చక్కెర. పదార్థములను బరువు ననుసరించి ఎక్కువనుండి తక్కువకు వరుసగా ముద్రింతురు. చక్కెర ముందుగా నున్నచో అది బలపానీయము కాదు, తీపిపానీయము. నాలుగవది, ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల అనుమతి సంఖ్య ఉండవలెను.

సీసాలలో సిద్ధముగా దొరకు పానీయములకును ఇదియే పరీక్ష. వెలను మాంసకృత్తు గ్రాములతో భాగించినచో ఒక్క గ్రాము ఖరీదు తేలును. దానిని కోడిగ్రుడ్డుతో పోల్చుడు. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాములుండును.

మన ఇంటి లెక్కయు చూతము. రెండు గ్లాసుల పాలలో 13 గ్రాములు, ఒక గ్రుడ్డులో 6, గుప్పెడు వేరుసెనగలలో 7, ఏబది గ్రాముల ఉలవలలో 10 గ్రాములకు పైగా, దినమంతయు తిను రాగిముద్ద, అన్నములలో మరి 14. మొత్తము ఏబదికి తగ్గదు. గ్రుడ్డు తిననివారు సెనగలు, పెరుగు ఎక్కువ చేసికొనవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడుగక ఏ పొడియు ముట్టరాదు.

ఆ బాలుడు ఈ లెక్కను కాగితముపై వ్రాసికొని పోయి, తల్లికి తెలుగున చదివి వినిపించెను. మరునాటినుండి వారి యింట మరల పాలు పోయించుకొనుచున్నారు. అతడు నేటికిని కబడ్డీ ఆడుచున్నాడు.