పైకి గాయము లేకున్నను లోపల అపాయము

రహదారిపై వాహనము ఢీకొని పడిన మనిషి లేచి కూర్చుండి, మంచినీరు త్రాగి, "నాకేమియు కాలేదు" అనును. నెత్తురు కారలేదు గదా యని చుట్టునున్నవారు ఇంటికి పంపివేయుదురు. అట్టివాని రొమ్ములో ప్రాణాపాయము దాగియుండవచ్చును. పంచాయతీ సభ్యులు ఈ విషయము నెరుగుట అవసరమని తలచి ఇచ్చట వివరించుచున్నాము.

గుండె నుండి దేహమంతటికి రక్తమును కొనిపోవు పెద్ద నాళము బృహద్ధమని. చెరువు నుండి వెడలు పెద్ద కాలువ వంటిదిది. వాహనము ఢీకొన్నపుడు గాని, తాడిచెట్టు నుండి పడినపుడు గాని దాని పైభాగము గుండెతోపాటు ఊగును. వెన్నెముకకు అంటియున్న భాగము కదలదు. ఈ రెండింటి నడుమ గోడ చిరుగును. పూర్తిగా తెగినవారిలో పెక్కుమంది ఆసుపత్రి చేరకముందే మరణింతురు. కొందరిలో లోపొరలు చిరిగినను వెలిపొర రక్తము నాపుచుండును. రక్షింపదగినవారు వీరే.

దీనిని కనుగొనుటెట్లు? మొదట రొమ్మునకు ఎక్స్‌రే తీయుదురు. రెండు ఊపిరితిత్తుల నడుమ నీడ 8 సెంటీమీటర్లకు మించి వెడల్పగుట, బృహద్ధమని వంపు అంచు చెదరుట, శ్వాసనాళము కుడికి ఒరుగుట, ఎడమ ప్రక్క రక్తము చేరుట అనుమానమునకు గుర్తులు. అయితే ఎక్స్‌రే బాగున్నంత మాత్రమున అపాయము లేదని చెప్పరాదు.

నిశ్చయముగా తెలుపునది సి.టి. స్కాను. రక్తనాళములోనికి మందు నెక్కించి చిత్రములు తీయగా, చిరిగిన లోపొర రేకువలె కనిపించును; గోడలో చేరిన రక్తము, ప్రక్కకు ఉబ్బిన సంచి, వెలికి కారు రక్తము తెలియును. వీనిని బట్టి వైద్యులు గాయమును నాలుగు తరగతులుగా నిర్ణయింతురు. మొదటి తరగతికి రక్తపుపోటు తగ్గించు మందులతో కనిపెట్టియుండుట తరచు చాలును. తీవ్రమైన గాయములకు నేడు పెక్కుమందికి రొమ్ము కోయకుండ, తొడ మొదట నుండి గొట్టమును పంపి లోపల తొడుగు అమర్చుచున్నారు.

కావున సభ్యులు చేయవలసినదేమి? గట్టి దెబ్బ తగిలినవానిని, ముఖ్యముగా రొమ్మునొప్పి, వీపునొప్పి, ఆయాసము ఉన్నవానిని ఇంటికి పంపరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ప్రమాదమెట్లు జరిగినదో, ఎంత ఎత్తు నుండి పడెనో వైద్యునికి చెప్పవలెను. ఆ మాటయే స్కాను అవసరమును సూచించును. కేసుల భయముతో వెనుదీయనక్కరలేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము రహదారి ప్రమాదములలో సదుద్దేశముతో ఆదుకొన్నవారిని రక్షించుచున్నది.

గాయము కనబడలేదని ఊరకుండక, తగిలిన దెబ్బ ఎంతటిదో ఆలోచించి నడచుకొన్నచో ఒక కుటుంబము నిలువగలదు.