సిగరెట్ పెట్టెపై బొమ్మ: పన్నెండేళ్ల పైరవీ

సిగరెట్ పెట్టెపై ముద్రించే హెచ్చరిక బొమ్మ ఎంత పెద్దదిగా ఉండాలన్న విషయం ఒక కొలిక్కి రావడానికి ఈ దేశంలో పన్నెండేళ్లు పట్టింది. 2006లో తొలి నిబంధనలు వెలువడింది మొదలు 2018 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకునే వరకు మంత్రుల బృందం, పార్లమెంటరీ కమిటీ, హైకోర్టులు అన్నీ ఈ బొమ్మ చుట్టూనే తిరిగాయి. పైరవీ అంటే సూట్‌కేసులు చేతులు మారడమేనని భావించేవారు ఈ ఉదంతాన్ని ఓపికగా పరిశీలించవలసి ఉంది. ఇందులో జరిగినదంతా దాదాపు బహిరంగంగానే జరిగింది.

పొగాకు ఉత్పత్తుల నియంత్రణ చట్టం 2003లో వచ్చింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒడంబడికను భారత్ ఆమోదించింది. 2006 నాటి నిబంధనలలో పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉండేది. దానిపై బీడీ పరిశ్రమ ఉన్న ప్రాంతాల ప్రతినిధులు అభ్యంతరం తెలిపారు. విషయం మంత్రుల బృందానికి చేరింది. దానికి సారథ్యం వహించిన ప్రణబ్ ముఖర్జీ బెంగాల్‌లోని జంగీపూర్ నుంచి ఎన్నికైన సభ్యులు. జంగీపూర్ బీడీ కార్మికులు అధికంగా గల నియోజకవర్గమన్నది గమనార్హం. 2007లో చట్టాన్నే సవరించి పుర్రె గుర్తు తప్పనిసరి కాదన్నారు. చివరకు 2009 మే 31 నుంచి పెట్టె ముందువైపు 40 శాతం భాగంలో బొమ్మలు అమలులోకి వచ్చాయి. నమిలే పొగాకు పొట్లాలపై తేలు బొమ్మ వేశారు. తేలుకు, నోటి కేన్సర్‌కు గల సంబంధమేమిటో కొన్నవారికి బోధపడలేదు.

అసలు ఘట్టం ఆ తర్వాతది. స్వయంగా చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన డాక్టర్ హర్షవర్ధన్ ఆరోగ్య మంత్రిగా ఉండగా 2014 అక్టోబరులో కేంద్రం హెచ్చరికను పెట్టెకు రెండువైపులా 85 శాతానికి పెంచుతూ ఉత్తర్వు జారీ చేసింది. అది 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావలసి ఉండగా, సబార్డినేట్ లెజిస్లేషన్‌పై ఏర్పాటైన లోక్‌సభ కమిటీ దానిని నిలిపి ఉంచాలని కోరింది. పొగాకుకు, కేన్సర్‌కు సంబంధాన్ని చెప్పే అధ్యయనాలన్నీ విదేశాలవేనని కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ వాదించారు. కమిటీ సభ్యుడైన నాటి అలహాబాదు ఎంపీ శ్యామ్ చరణ్ గుప్తా స్వయంగా బీడీ వ్యాపారి. బీడీ మీద బీడీ కాల్చినా ఏ జబ్బూ రానివారిని ఎందరినో చూపగలనని ఆయన సెలవిచ్చారు. తన వ్యాపారాన్ని నియంత్రించే నిబంధనపై తానే తీర్పు చెప్పే కమిటీలో కూర్చోవడం సమంజసమా అన్న ప్రశ్న అప్పట్లో దుమారం రేపింది. అయినా ఉత్తర్వు వాయిదా పడింది.

2016 మార్చిలో కమిటీ తన నివేదికలో 50 శాతం చాలునని సిఫారసు చేసింది. అయితే అప్పటికే రాజస్థాన్ హైకోర్టు జోక్యం ఫలితంగా 85 శాతం నిబంధన 2016 ఏప్రిల్ 1 నుంచి అమలుకు సిద్ధమైంది. ఆ రోజునే ఐటీసీ, గాడ్‌ఫ్రే ఫిలిప్స్ వంటి పెద్ద కంపెనీలు నిబంధనలు అస్పష్టంగా ఉన్నాయంటూ ఉత్పత్తిని నిలిపివేశాయి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు 85 శాతం నిబంధనను కొట్టివేసింది. మూడు వారాలు తిరిగేసరికి, 2018 జనవరి 8న, ప్రజారోగ్యమే ముఖ్యమంటూ సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. పెద్ద బొమ్మ అలా నిలిచింది.

ఈ పోరాటంలో కంపెనీలు తమ లాభాల గురించి తక్కువగా, రైతుల గురించి ఎక్కువగా మాట్లాడాయి. ఆ రైతులలో చాలామంది మనవాళ్లే. వర్జీనియా పొగాకు పండించే ప్రకాశం జిల్లా రైతు, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే మహిళ ఢిల్లీ వాదనలలో పదే పదే ప్రస్తావనకు వచ్చారు. వారి ఆందోళన బూటకమని ఎవరూ అనలేరు. కానీ 2015లో వేలం కేంద్రాల్లో ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు, బొమ్మ సైజుపై వినిపించినంత గట్టి గొంతు వారి ధర విషయంలో వినిపించలేదు. గుంటూరులోని పొగాకు బోర్డు పంట విస్తీర్ణాన్ని నిర్ణయిస్తుంది, వేలం నడుపుతుంది; వేలంలో పెద్ద కొనుగోలుదారులు మాత్రం కొద్దిమందే.

ప్రభుత్వ వైఖరిలోనూ తిరకాసు లేకపోలేదు. ఒకవైపు ఆరోగ్య శాఖ పొగ తాగవద్దంటుంది. మరోవైపు ప్రభుత్వ రంగ జీవిత బీమా సంస్థ ఐటీసీలో పెద్ద వాటాదారు. పొగాకుపై పన్ను ఖజానాకు నమ్మకమైన రాబడి. ఇక వేరెవరో వచ్చి పైరవీ చేయనవసరం ఏమున్నది?

అమెరికాలో పైరవీకారులు తమ ఖాతాదారుల పేర్లు, వ్యయం వెల్లడించాలని 1995లోనే చట్టం చేశారు. భారత్ మార్కెట్ ప్రవేశంతో సహా పలు అంశాలపై వాల్‌మార్ట్ సంస్థ 2008 నుంచి సుమారు రెండున్నర కోట్ల డాలర్లు వెచ్చించిన సంగతి 2012 డిసెంబరులో మన పార్లమెంటును కుదిపింది. ఆ లెక్క బయటపడింది అక్కడి సెనేట్‌కు సమర్పించిన పత్రాల నుంచే. ఇక్కడ అడిగినా చూపవలసిన కాగితం లేదు. ఒడిశాకు చెందిన ఎంపీ కాళికేశ్ సింగ్ దేవ్ 2013లో అటువంటి వెల్లడిని తప్పనిసరి చేస్తూ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు.