ఎర్రగా పండేదే గోరింటాకు

ఆషాఢం వచ్చిందంటే మన ఇళ్లలో చేతులు పండాల్సిందే. జర్మనీలో ఇంచుమించు అవే రోజుల్లో బడులకు వేసవి సెలవులు. చాలా కుటుంబాలు టర్కీ, ఈజిప్టు, స్పెయిన్ సముద్రతీరాలకు వెళ్తాయి. అక్కడి బజారుల్లో ‘హెన్నా టాటూ’ పేరుతో పిల్లల చేతుల మీద నల్లటి బొమ్మలు వేస్తుంటారు. మన గోరింటాకే కదా అని మనం సులువుగా ఒప్పేసుకుంటాం. అది గోరింటాకు కాదు. ఎందుకు కాదో తెలుసుకుందాం.

పోయే రంగు, పోని రంగు

ఒంటిని అలంకరించుకోని జాతి దాదాపు లేదు. 1991లో ఆల్ప్స్ మంచులో జర్మన్ దంపతుల కంటబడిన ‘ఓట్జీ’ అనే సుమారు 5300 ఏళ్ల నాటి మనిషి ఒంటి మీద 61 పచ్చబొట్లు ఉన్నాయి. న్యూజిలాండ్ మావోరీల ముఖం మీది ‘మోకో’ వారి వంశాన్ని చెబుతుంది. మన ఊళ్లలో ఎరుకల స్త్రీలు సూదులతో పొడిచిన పచ్చబొట్లు ఇప్పటికీ కొందరు అమ్మమ్మల చేతుల మీద కనిపిస్తాయి. ఇవన్నీ చర్మం లోపలికి దిగిన రంగులు, జన్మంతా ఉంటాయి.

గోరింటాకు దారి వేరు. ఆకులోని లాసోన్ అనే రంగు చర్మం పైపొరలో ఉండే కెరాటిన్‌కు పట్టుకుంటుంది. చింతపండో నిమ్మరసమో తగిలితే రంగు బాగా దిగుతుంది. తీసిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎర్రబడుతుంది. అరచేతిలో పైపొర మందం కాబట్టి అక్కడ బాగా పండుతుంది. ఆ పొర రాలేకొద్దీ రెండు మూడు వారాల్లో రంగు పోతుంది. గోళ్ల మీద మాత్రం అవి పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది.

నలుపు ఎక్కడిది?

గోరింట ఆకు నల్లగా పండదు. ఆ నలుపు చాలావరకు పీపీడీ అనే రసాయనానిది. యూరోపియన్ యూనియన్‌లో దీన్ని జుట్టు రంగుల్లో 2 శాతం మించకుండా, హెచ్చరికలతో మాత్రమే అనుమతిస్తారు. చర్మం మీద పూయడానికి అనుమతి లేదు. జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్‌ఆర్ కూడా నల్ల హెన్నా గురించి హెచ్చరించింది.

వేసిన కొన్ని రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు, బొమ్మ ఉన్నమేర దురద, ఎరుపు, పొక్కులు రావచ్చు. మచ్చలు మిగలవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం అలర్జీ. అది ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. ఎనిమిదేళ్లప్పుడు వేయించుకున్న బొమ్మ వల్ల ముప్పై ఏళ్లకు జుట్టుకు రంగు వేసుకుంటే ముఖమంతా వాయవచ్చు. కొన్ని ముదురు రంగుల బట్టలు, కొన్ని మత్తు మందులు కూడా పడకపోవచ్చు. క్షౌరవృత్తి నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

ఇవి గుర్తుంచుకుందాం

• అసలు ముద్ద ఆకుపచ్చ లేదా గోధుమ రంగులో ఉంటుంది, గంటల కొద్దీ ఉంచాలి. అరగంటలో నల్లబడితే వద్దనండి.
• పదార్థాల పట్టిక లేని కోన్ కొనవద్దు.
• పసిపిల్లలకు పెట్టవద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి స్వచ్ఛమైన గోరింటాకు కూడా రక్తకణాలను దెబ్బతీయవచ్చు.
• దురద మొదలైతే వెంటనే చర్మవైద్యునికి చూపించి, ఏం పూశారో చెప్పండి. అలర్జీ అని తేలితే ‘అలర్గీపాస్’ రాయించుకుని దగ్గర ఉంచుకోండి.

మన ఆలయంలో గోరింటాకు పెట్టే రోజున మేము పొడిని అక్కడే అందరి ముందు కలుపుతాం. ప్యాకెట్టు బల్ల మీదే ఉంటుంది, చదివి చూసుకోవచ్చు. పిల్లలు ఎంతసేపు కూర్చోవాలని విసుక్కుంటారు, కథల పుస్తకాలు తెచ్చుకోండి. బాగా పండితే మంచి మొగుడొస్తాడన్న మాటకు మేము హామీ ఇవ్వలేం కానీ, ముద్దలో ఏముందో మాత్రం కచ్చితంగా చెప్పగలం.