పటంలో రహదారి సంఖ్య: గరాచర్మ నుండి ఒక పరిశీలన

అండమాన్ ట్రంక్ రోడ్డును గురించి దీవులలో పనిచేసిన మన సహోద్యోగులకు వేరుగా చెప్పనవసరం లేదు. పోర్ట్ బ్లెయిర్ ప్రక్కనే ఉన్న గరాచర్మ నుండి ఉత్తరాన రంగత్‌కు, మాయాబందర్‌కు భూమార్గాన పోదలచినవారికి దిక్కు ఈ దారే. 2010కి పూర్వం దీని సంఖ్య 223. ఆ సంవత్సరం దేశమంతటా జాతీయ రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు ఇది 4 అయింది. అంతకు మునుపు 4 అంటే ముంబయి నుండి పుణె, బెంగుళూరుల మీదుగా చెన్నై చేరే దారి. పాత ఫైలులో ‘ఎన్.హెచ్. 4’ అని చదివి నేటి పటాన్ని తెరిచిన క్రొత్త ఉద్యోగి ఏకంగా సముద్రం దాటి దీవికి చేరుకుంటాడు!

ఈ మార్పు వెనుక ఒక క్రమం ఉన్నది. ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రధాన రహదారులకు సరిసంఖ్యలు. అవి తూర్పు నుండి పడమరకు పెరుగుతాయి. కనుకనే దేశానికి తూర్పు కొసనున్న అండమాన్‌కు 4, విశాఖపట్నం మీదుగా పోయే కోస్తా దారికి 16, హైదరాబాదు మీదుగా పోయేదానికి 44 వచ్చాయి. తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసిసంఖ్యలు. హైదరాబాదు, విజయవాడలను కలిపే 65 అటువంటిదే. మూడంకెలవి శాఖలు. కత్తిపూడి నుండి ఒంగోలుకు పోయే 216, పదహారుకు శాఖ.

ఇక కంప్యూటరు పటం విషయానికి వద్దాము. అచ్చుపటంలో సంఖ్య, దాని చుట్టూ ఉన్న డాలు గుర్తు కలిసే ముద్రితమవుతాయి. కంప్యూటరు పటంలో ఆ రెండూ వేర్వేరు. సంఖ్య పట్టికలోని ఒక గడిలో ఉంటుంది. గుర్తు ఆకారం, రంగు, పరిమాణం వేరొక నియమావళిలో ఉంటాయి. కావున సంఖ్య మారితే గడిని సవరిస్తే చాలు, బొమ్మను తిరిగి గీయనక్కరలేదు. అందరికీ ఉచితంగా లభించే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సాధారణ పటంలో ఏ దేశపు రహదారికైనా సంఖ్య దీర్ఘచతురస్రపు పెట్టెలోనే కనిపిస్తుంది. మన రోడ్ల ప్రక్కన చూసే పసుపుపచ్చ డాలు కావాలంటే మనమే ఏర్పరచుకోవాలి.

మేము ఈ పనికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఎంచుకున్నాము. లేబుల్ వెనుక భాగంలో డాలు బొమ్మను ఉంచి, అంకెలను బట్టి అది పెరిగేటట్లు అమర్చవచ్చును. అయితే ఒక్క అంకెకు సరిపోయిన డాలును 216 కోసం సాగదీస్తే చూడ ముచ్చటగా ఉండదు. అందుచేత ఒకటి రెండంకెలకు ఇరుకు డాలు, మూడంకెలకు వెడల్పు డాలు అని రెండు నియమాలు వ్రాశాము. దారి ఎటు వంగినా అంకె నిటారుగా నిలవాలి. కొంత దూరానికొకసారి గుర్తు మళ్ళీ కనిపించాలి. ఈ రెండింటికీ అందులో సదుపాయం ఉన్నది.

అసలు చిక్కు జిర్కాటాంగ్ దాటిన తరువాత వచ్చింది. అక్కడి నుండి మిడిల్ స్ట్రెయిట్ వరకు దారి జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. ఆ భాగాన్ని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా రాకపోకలు ఆగలేదు; నిర్ణీత వేళలలో, పోలీసు కాపలాతో, వరుసగా పోయే వాహనాలనే అనుమతిస్తున్నారు. నడుమ ఆగరాదు, ఫొటోలు తీయరాదు. మరి అక్కడ కూడా 16, 44ల మీద వేసిన డాలునే వేయడం ఉచితమా? పసుపుపచ్చ డాలు చూసిన ప్రయాణికుడు, పిల్లాపాపలతో ఎప్పుడైనా పోవచ్చునని తలుస్తాడు. పటం ఆ భ్రమ కలిగించరాదని మా అభిప్రాయం. జారవాల వైపు నుండి ఆలోచించినా అది ‘హైవే’ కాదు, వారి అడవి.

కనుక మూడవ నియమం వ్రాశాము. ఆ భాగానికి పట్టికలో ప్రత్యేకంగా ఒక గడి చేర్చి, అది నిండి ఉన్నచోట డాలు లోపల తెలుపు, అంచున చుక్కల గీత, క్రింద ‘కాన్వాయ్ మాత్రమే’ అన్న మాట వచ్చేటట్లు చేశాము. సంఖ్య మాత్రం 4గానే ఉంచాము. రికార్డులలో దారి ఒక్కటే గదా.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన సంగతి విదితమే. పట్టికలో క్రొత్త పేరుకు, పాత పేరుకు వేరు గడులు కేటాయించాము. రహదారికీ అంతే, 223 కూడా ‘పాత సంఖ్య’ గడిలో భద్రంగా ఉన్నది. 2010కి ముందరి ఫైలు చేతికి వచ్చినప్పుడు ఆ గడిలో వెదికితే దారి దొరుకుతుంది.

రంగును మాత్రమే నమ్ముకోకపోవడానికి మరొక కారణం మన కార్యాలయాల ఫొటోస్టాట్ యంత్రాలు. వాటిలో పసుపు పచ్చ కాస్తా బూడిద రంగుగా మారుతుంది. చుక్కల అంచు మాత్రం చెరగదు.