45 పైసల బీమా కడుపు జబ్బుకు పనికిరాదు

ఫారంలో రోగం దాచితే క్లెయిము నాడు తంటా - దూరప్రయాణానికి ముందు చూసుకోవలసిన సంగతులు

తెనాలి, బాపట్ల, రేపల్లె: కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పూర్వం మన పెద్దలు అనేవారు. నెలల తరబడి నడక, బండి ప్రయాణం. దారిలో దొంగల భయం ఒకటైతే, ఊరూరా మారే నీళ్లు పడక పట్టుకునే వాంతిభేది మరొకటి. ఇప్పుడు తెనాలి జంక్షన్‌లో రైలెక్కినవారు మూడోనాటికి కాశీలో గంగస్నానం చేయవచ్చు. నడక బాధ పోయింది, దొంగల భయం తగ్గింది. కాని కడుపు జబ్బు ఉన్నవారికి మాత్రం ప్రయాణమంటే బెదురు పోలేదు.

పేగుపూత, కడుపులో పుండు, జిగట విరేచనాలు, భోంచేసిన వెంటనే దొడ్డికి పరుగెత్తవలసి రావడం వంటి బాధలున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల జబ్బులనుకున్న అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి కూడా ఇప్పుడు మన పల్లెల్లో బయటపడుతున్నాయి. ఇలాంటివారు దూరపు చుట్టాల పెళ్లికి పిలుపు వస్తే "మీరు వెళ్లి రండి, ఇల్లు నేను చూసుకుంటాను" అంటారు. అసలు కారణం ఇంట్లోవారికి కూడా చెప్పరు. కొందరు ధైర్యం చేసి బయలుదేరినా, టికెట్‌తో పాటు బీమా కూడా ఉందిలే అన్న భరోసాతో మిగతా ఏర్పాట్లు మరచిపోతారు. ఆ బీమా దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో తెలియక ఇక్కట్లు పడుతున్నారు.

బస్సులో చోటు ఉచితమే గాని...

రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్లాలన్నా, తెనాలి వచ్చి గుంటూరు వెళ్లాలన్నా చాలామందికి బస్సే ఆధారం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. చోటు ఉచితంగా దొరికినా బస్సులో మరుగుదొడ్డి ఉండదు. నడిరోడ్డు మీద బస్సు ఆపమని కండక్టరును అడగడానికి మగవారే సిగ్గుపడతారు. ఆడవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడుగా చాలామంది ముందురోజు రాత్రి నుంచే తిండి మానేస్తారు, నీళ్లు తాగరు. ఇది మంచిది కాదు. ఖాళీ కడుపుతో పుండు మంట ఎక్కువవుతుంది. నీళ్లు మానితే ఎండదెబ్బకు తోడు మూత్రపిండాలకు ముప్పు. ఉపవాసం కంటే ఒక పూట ముందుగా తేలికపాటి మజ్జిగన్నం తిని, బస్టాండులో మరుగుదొడ్డి చూసుకుని, కండక్టరుకు ముందే చెవిన వేసి ఎక్కడం మేలు. వీలున్నచోట రైలే నయం.

ఆ రైల్లో మరుగుదొడ్డి రావడం వెనుకా ఒక కడుపునొప్పి కథ ఉంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే వంగదేశపు ప్రయాణికుడు పనసపండు తిని రైలెక్కాడు. కడుపుబ్బి అహ్మద్‌పూర్ స్టేషనులో దిగి మరుగుకు వెళ్లాడు. ఇంతలో గార్డు ఈల వేశాడు. ఒక చేత చెంబు, మరో చేత పంచె పట్టుకుని పరుగెత్తిన ఆ పెద్దమనిషి జనం చూస్తుండగా ప్లాట్‌ఫారం మీద పడ్డాడు, రైలు వెళ్లిపోయింది. మండిపడి ఆయన సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి వచ్చీరాని ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాడు. సామాన్యుల పెట్టెల్లో మరుగుదొడ్లు పెట్టడానికి ఆ ఉత్తరమే కారణమైందని చెబుతారు. ఢిల్లీలోని రైలు మ్యూజియంలో ఆ ఉత్తరాన్ని ప్రదర్శనకు పెట్టారు. సిగ్గుపడి ఊరుకోకుండా బాధ చెప్పుకోబట్టే ఆ ఉత్తరానికి అంత పేరు వచ్చింది.

45 పైసలకు ఏమొస్తుంది?

రైల్వే వారి ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా ఇంటర్నెట్‌లో టికెట్ కొనేటప్పుడు, కావాలనుకున్నవారికి 45 పైసలకు ప్రయాణ బీమా ఇస్తారు. ఈ ఏర్పాటు 2016లో మొదలైంది. రైలు ప్రమాదంలో మరణించినా, పూర్తిగా అవిటితనం వచ్చినా 10 లక్షల రూపాయలు, పాక్షికంగా శాశ్వత అవిటితనం వస్తే 7.5 లక్షలు, గాయపడి ఆసుపత్రిలో చేరితే 2 లక్షల వరకు చెల్లిస్తారు. స్టేషను కౌంటరులో కొన్న టికెట్‌కు ఈ బీమా ఉండదు. టికెట్ కొన్న తరువాత ఫోనుకు వచ్చే సందేశం తెరచి నామినీ పేరు నింపాలి. చాలామంది ఈ పని చేయరు.

అసలు సంగతి ఏమిటంటే ఈ బీమా ప్రమాదానికే గాని రోగానికి కాదు. ప్రయాణంలో పుండు పగిలి రక్తం కక్కుకున్నా, విరేచనాలతో సొమ్మసిల్లి దారిలో ఆసుపత్రిలో చేరినా పైసా రాదు. రైల్వే చట్టం 124-ఎ సెక్షన్ కింద ఇచ్చే నష్టపరిహారం సంగతీ అంతే. సహజ కారణంతోనో, జబ్బుతోనో జరిగిన నష్టానికి ఆ సెక్షన్ వర్తించదు. భారత్ గౌరవ్ యాత్రా రైళ్ల ప్యాకేజీలో ప్రయాణ బీమా కలిసి ఉంటుంది. అందులో జబ్బుకు వైద్యం ఉందో లేదో డబ్బు కట్టకముందే అడిగి, కాగితం మీద చూసుకోవాలి.

అయితే బీమా లేకున్నా రైల్లో వైద్య సహాయం అడగవచ్చు. 139 నంబరుకు ఫోను చేసినా, టి.టి.ఇ.కి చెప్పినా, రాబోయే పెద్ద స్టేషనులో వైద్యుడు వచ్చి చూసే ఏర్పాటు ఉంది. రుసుము తీసుకుని రశీదు ఇస్తారు.

కార్డు ఎక్కడ చెల్లుతుంది?

మన ఇళ్లలో ఎక్కువమంది నమ్ముకున్నది ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఈ పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. రాష్ట్రం వెలుపల హైదరాబాదు, చెన్నై, బెంగుళూరుల్లోని ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోనే ఇది చెల్లుతుంది. కాశీలోనో, హరిద్వారంలోనో ఈ కార్డు చూపితే పని జరగదు.

అక్కడ అక్కరకు వచ్చేది 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ కార్డు. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు, పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు. పూరీ యాత్రికులకు పనికివచ్చే విధంగా ఒడిశా కూడా 2025లో ఇందులో చేరింది. ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు దాటిన వారికి ఈ కార్డు ఇచ్చే ఏర్పాటు 2024 అక్టోబరులో మొదలైంది. కాగా ఆసుపత్రిలో చేర్చుకుంటేనే ఇది వర్తిస్తుంది. డాక్టరు చూసి మందు రాసి పంపిస్తే ఆ ఖర్చు మనదే. బయలుదేరే ముందు 14555కు ఫోను చేసి, వెళ్లే ఊళ్లో ఏ ఆసుపత్రి ఉందో రాసుకుని జేబులో పెట్టుకుంటే ఆపదవేళ వెతుకులాట ఉండదు.

అమెరికా ప్రయాణం - "లేదు" అనే మాటతో మోసం

కూతురి పురుటికో, మనుమడి బారసాలకో అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల చాలా పల్లెల్లో ఉన్నారు. అమెరికాలో ఆసుపత్రి ఖర్చు సామాన్యుడు భరించలేనిది. అందుకని పిల్లలు పట్టుబట్టి ప్రయాణ బీమా చేయిస్తారు. యూరపులోని షెంగెన్ దేశాలకైతే కనీసం 30 వేల యూరోల వైద్య బీమా లేనిదే వీసా ఇవ్వరు.

చిక్కంతా బీమా ఫారంలోని ఒక ప్రశ్న దగ్గర వస్తుంది. ఇంతకు ముందు నుంచి జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ ఇవ్వరనో భయపడి "లేదు" అని రాయిస్తారు. ఏజెంటు నింపిన ఫారంపై చదవకుండానే సంతకం చేసేవారూ ఉన్నారు. పరాయి దేశంలో కడుపునొప్పి ముదిరి ఆసుపత్రికి వెళితే, అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నాళ్ల నుంచి?" అనే. ప్రాణభయంలో ఉన్న మనిషి "పదేళ్ల నుంచి" అని నిజమే చెబుతాడు. ఆ మాట ఆసుపత్రి కాగితాల్లోకి ఎక్కుతుంది. ఆ కాగితాలే బీమా కంపెనీకి చేరతాయి. క్లెయిము అక్కడే ఆగిపోతుంది. బిల్లు పిల్లల మెడకు చుట్టుకుంటుంది.

నిజం చెప్పినంత మాత్రాన అన్నీ ఇస్తారనీ కాదు. మామూలు ప్రయాణ పాలసీల్లో పాత జబ్బుకు వైద్యం ఉండదు. కొన్నింటిలో ప్రాణాపాయం వస్తే కొంత మొత్తం వరకు ఇస్తారు. అమెరికా కంపెనీలు అమ్మే కొన్ని పాలసీల్లో పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే చికిత్స ఉంటుంది గాని, రోజువారీ మందులకు, మామూలు పరీక్షలకు ఉండదు. వయసు పైబడిన కొద్దీ ఇచ్చే మొత్తం కూడా తగ్గుతుంది. అందువల్ల పాలసీ కొనేముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. పాత జబ్బుకు ఏ మేరకు వర్తిస్తుంది? జబ్బు తిరగబెట్టి ప్రయాణం మానుకుంటే టికెట్ డబ్బు వస్తుందా? ఆసుపత్రిలో చేరిన ఎన్ని గంటల్లో కంపెనీకి తెలియజేయాలి? వీటికి జవాబు నోటిమాటగా గాక, కాగితం మీద తీసుకోవాలి.

స్వదేశంలో ఆరోగ్య బీమా తీసుకునేవారికి కొంత వెసులుబాటు వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం, తెలియజేసిన పాత జబ్బుకు మూడేళ్లకు మించి ఆగమనరాదు. వరుసగా అయిదేళ్లు పాలసీ నడిచిన తరువాత, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిము కొట్టివేయరాదు.

క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా రాసుకోవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కరలేదు.

సంచిలో ఉండవలసినవి

బీమా డబ్బిస్తుందేమో గాని నొప్పి తగ్గించదు. ప్రయాణానికి నెలముందే వాడుక డాక్టరును కలవాలి. దగ్గరలో మంగళగిరి ఎయిమ్స్ కూడా ఉంది. జబ్బు పేరు, మందుల అసలు పేర్లు, మోతాదు ఇంగ్లీషులో రాయించుకోవాలి. కంపెనీ పేరు ఊరూరికీ మారుతుంది గాని మందు పేరు మారదు. ప్రయాణం రోజులకు సరిపడా మందులతో పాటు మరో వారానికి అదనంగా తీసుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు అవి అయిపోయాయని ఉన్నట్టుండి మానడం ప్రమాదం. చల్లగా ఉంచవలసిన ఇంజెక్షన్లను, పొట్టకు సంచి అమర్చుకున్నవారు అదనపు సంచులను చేతి సంచిలోనే పెట్టుకోవాలి. విమానంలో పెద్ద పెట్టె తప్పిపోతే ఇవి అంగడిలో వెంటనే దొరకవు. దుబాయి వంటి చోట్లకు వెళ్లేవారు ట్రామడాల్, కోడీన్ కలిసిన మందులు ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళ్లరాదు.

అన్నింటికంటె చవకైనది, ప్రాణం నిలిపేది ఓ.ఆర్.ఎస్. పొట్లం. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ ఉప్పు చక్కెర నీళ్లతోనే వేలమందిని కాపాడారు. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు తలకొట్టు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా. కలిపిన నీళ్లు ఒక రోజుకు మించి ఉంచరాదు. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకుని అమ్మే తీపి పానీయాలు వేరు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆ పేరు వాడరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

దారిలో వేడివేడిగా వండినదే తినాలి. కోసి పెట్టిన ముక్కలు, ఐసు, రంగునీళ్లు వద్దు. కొల్లిపర లంకల అరటిపండు నాలుగు సంచిలో వేసుకుంటే అంతకు మించిన ఫలహారం లేదు. తొక్క తీసి తినే పండు గనుక చేయి కడుక్కుంటే చాలు. ఊరగాయ సీసా లేనిదే అడుగు బయటపెట్టని మనవారు, ఆ నాలుగు రోజులు దాన్ని ఇంట్లో ఉంచి వెళితే కడుపు చల్లగా ఉంటుంది.

రక్త విరేచనాలకు జ్వరం తోడైతే విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోరాదు. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కుకున్నా, మూత్రం ఆగినా, నొప్పి తగ్గకున్నా ప్రయాణం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాలో పొట్టన పెట్టుకున్నది గ్రహణి జాతి కడుపు జబ్బే. దాన్ని స్ప్రూ అంటారు. ఆయనకూ ఆ జబ్బు సోకి తగ్గింది. ఆ మనిషే 1922లో ఓడ ఎక్కి అమెరికా చేరారు. 1945లో ఆయన ఆధ్వర్యంలోని శాస్త్రజ్ఞుల బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది.

కడుపు జబ్బు ఉన్నంతమాత్రాన ఇల్లు కదలకూడదని లేదు. డాక్టరు దగ్గర, కండక్టరు దగ్గర, బీమా ఫారంలో కూడా ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి బయలుదేరితే కాశీ వెళ్లినవారు కావిడితో తిరిగి వస్తారు.