కంప్యూటర్ దుమ్ము, పిల్లవాడి ఆయాసం

పోయిన ఎండాకాలం మా ఇంట్లో కంప్యూటర్ అరగంట పనిచేస్తే చాలు, దానంతటదే ఆగిపోయేది. కరెంటు లోపమేమో అనుకున్నాం. సి.పి.యు. పక్క మూత తీసి చూస్తే ఫ్యాను రెక్కలకు దుమ్ము దూదిలా పట్టి ఉంది. గాలి ఆడక లోపల మరీ వేడెక్కితే పాడవకుండా ఉండేందుకు కంప్యూటర్ ఆగిపోతుంది. మా పొరపాటు ఏమిటంటే, హాల్లోనే కూర్చుని ఆ దుమ్మంతా నోటితో ఊదేశాం. ఆ రాత్రి ఉబ్బసం ఉన్న మా చిన్నవాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు గారు చెప్పిన ప్రకారం ఇన్‌హేలర్ ఇచ్చి, తెల్లవార్లూ కూర్చున్నాం.

ఇంటి దుమ్ములో డస్ట్ మైట్స్ అనే అతి చిన్న జీవుల విసర్జనలు, బూజు, పెంపుడు జంతువుల నూగు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇవి ఆయాసం తెప్పించగలవు. కాబట్టి ముందుగా వారిని దూరంగా పంపండి. ప్లగ్గులన్నీ తీసి, సి.పి.యు.ను వరండాలోకి తెచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, పొడి మెత్తని బ్రష్షుతో నెమ్మదిగా దులపండి. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి. నోటితో ఊదితే తుంపర్లు లోపల పడతాయి. కరెంటు వైరు వచ్చి కలిసే ఇనుప పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పాత లావుపాటి మానిటర్ కూడా అంతే.

ఇక కీబోర్డు. మన ఇళ్లలో మిక్స్చర్ తింటూ టైపు చేయనివారెవరు? ఆ పొడి కోసమే చీమలు, బొద్దింకలు వస్తాయి. వైరు తీసి, బోర్లించి తట్టండి. తరువాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో మీటలను, మౌస్‌ను తుడవండి. స్వచ్ఛమైన ఆల్కహాల్ ఇంకా మంచిదని కొందరంటారు. కాదు, అది త్వరగా ఆరిపోతుంది. క్రిములు చావడానికి కొంత నీరు కూడా కావాలి. ఇది మండే ద్రవం కనుక పొయ్యి, కొవ్వొత్తి దగ్గర వాడరాదు. బ్లీచింగ్ ద్రావణం లోహాన్ని తినేస్తుంది. చేతుల శానిటైజర్ జిడ్డు మిగులుస్తుంది.

మానిటర్ తెర మీద ఏదీ నేరుగా చల్లవద్దు. ఆపివేసి, పొడి మెత్తని గుడ్డతో తుడవండి. మరక పోకపోతే నీటితో కాస్త తడిపితే చాలు. ఇయర్‌ఫోన్లు ఎవరివి వారికే ఉండాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే నొక్కవద్దు, పొడవవద్దు. వాడకం ఆపి మెకానిక్‌కు చూపించండి.

ఇంట్లో జలుబు, జ్వరం ఉన్నప్పుడు రోజూ తుడవడం మంచిదే. అయితే కంప్యూటర్ ముందు నుంచి లేచి అన్నానికి కూర్చునేవారు సబ్బుతో చేతులు కడుక్కోవడం అంతకంటే ముఖ్యం.

మా సి.పి.యు. ఇప్పుడు నేల మీద లేదు, చిన్న స్టూలు మీద ఉంది. రెండు నెలలకొకసారి వరండాలో దులుపుతాం. ఆ పూట చిన్నవాడు అమ్మమ్మగారింట్లో ఉంటాడు.