పిల్లి దేహమున ఇంటిదొంగ

పిల్లులకును ఎయిడ్సువంటి వ్యాధి కలదని వినినంతనే తల్లిదండ్రులు కలవరపడుట సహజము. పిల్లల యొడిలో పెరిగిన పిల్లిని వీధిపాలు చేయవలయునా యను ప్రశ్న పుట్టును. దానికి సమాధానము చెప్పుటకు ముందు, ఆ వ్యాధి పిల్లి రక్తమున నేమి చేయునో మనము తెలిసికొందము.

1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పెటలూమా యను ఊర, ఒకచోట గుంపుగా పెరుగుచున్న పిల్లులు జబ్బుపడి మరణించుచుండెను. డేవిస్ నగరపు విశ్వవిద్యాలయమునకు చెందిన నీల్స్ పెడర్సెన్, జానెట్ యమమోటో అను శాస్త్రజ్ఞులు వానినుండి ఒక క్రొత్త వైరస్‌ను వేరుచేసి, 1987లో లోకమునకు ప్రకటించిరి. మానవులలో ఎయిడ్సు కలిగించు వైరస్‌కు ఇది దూరపు బంధువు. ఇది ముఖ్యముగా కాటువలన సోకును. కావున బయట తిరిగి పోట్లాడు గండుపిల్లులకు అపాయము హెచ్చు.

రక్తమునందలి తెల్లకణములు దేహమునకు కావలివారు. వీనిలో సీడీ4 అను గుర్తుగల సహాయక కణములు తక్కిన కణములను పనికి పురికొల్పును. సీడీ8 గుర్తుగల సంహారక కణములు వైరస్ చొచ్చిన కణములను వెదకి చంపును. బీ కణములు ప్రతిరక్షకములను తయారుచేయును.

వైరస్ ప్రవేశించిన కొలది వారములలో జ్వరము వచ్చును, గ్రంథులు వాచును. అంతట సంహారక కణములు పెరిగి, సోకిన కణములను చంపుటయే గాక, వైరస్ వృద్ధిని అణచు పదార్థములను గూడ విడుచును. ప్రతిరక్షకములును పుట్టును. రక్తమున వైరస్ తగ్గి, పిల్లి కోలుకొన్నట్లే కనబడును.

అయినను శత్రువు తొలగలేదు. ఈ వైరస్ కణమున చొచ్చుటకు సీడీ134 అను వాకిలి కావలయును. సహాయక కణము మేల్కొని పోరుకు సిద్ధమైనపుడే ఆ వాకిలి విశేషముగ నేర్పడును. అనగా కావలివాడు మేల్కొనుటయే దొంగకు దారి యగుచున్నది! లోనికి పోయిన వైరస్ తన జన్యుపదార్థమును కణపు జన్యుపదార్థముతో కలిపివేసి, కొన్ని కణములందు నిద్రించుచుండును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు గదా!

ఇట్లు ఏండ్ల తరబడి సహాయక కణములు తరుగుచుండును. తుదకు కొన్ని పిల్లులు చిగుళ్ళవాపునకు, ఇతర రోగములకు లోనగును. కాని పెక్కుపిల్లులు చాలకాలము సుఖముగనే జీవించును.

ఈ వైరస్ మనుష్యులకు సోకదు. కావున భయముచే పిల్లిని వీధిలో విడువవలదని తల్లిదండ్రులకు మా మనవి. విడిచిన పిల్లి పోట్లాడి ఇతర పిల్లులకు వ్యాధిని పంచును. దానిని ఇంటనే యుంచి, పశువైద్యునిచే శస్త్రచికిత్స చేయించి సంతానము కలుగకుండ చేసిన, పోట్లాటలు తగ్గును. అయితే పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వ్యాధి పిల్లికాటు వలనను రాగలదు, దానికి భయపడవలసినదే. పిల్లి కరచినను, రక్కినను, గాయమును సబ్బుతో పారునీట 15 నిమిషములు కడిగి, వెంటనే బిడ్డను వైద్యునియొద్దకు గొనిపోవలయును.